కుట్టేసిన జేబు

మంచు ఊరికి వెళ్తే ఫస్ట్ పని కోటు. మనిళ్లల్లో ఉండే స్వెట్టర్లకి అక్కడ అస్సలు సీన్ లేదు. కొనుక్కుంటే దండగ, తిరిగొచ్చాక బీరువాలో బొద్దింకలకి పరుపు అవుతుంది అంతే. అందుకే అందరూ అద్దెకి తీసుకుంటారు. వ్యాన్లు ఆగే చోట రేకుల షెడ్లుంటాయి, వరసగా. లోపల కింద నుంచి పై దాకా కోట్లు, బూట్లు, గ్లౌజులు. కలరా ఉండల వాసన, దాని వెనక తడిసిన కుక్క వాసన. జిప్పు మెడ దాకా వస్తుందో లేదో చూసుకోవాలి. బూట్లు ఒక సైజు పెద్దవి అడగాలి, లోపల రెండు జతల సాక్సులు పట్టాలి కదా. కాటన్ సాక్సులు మాత్రం వద్దే వద్దు, చెమట పడితే ఆరవు, కాళ్లు రాళ్లయిపోతాయి.

ఇదంతా పిచ్చుక వీడియోలు చూసి బట్టీ కొట్టేసింది. పిచ్చుక అనేది అసలు పేరు కాదు. పదహారేళ్లొచ్చినా పుల్లలా ఉంటుంది, నోరు మాత్రం నిద్రలో కూడా ఆగదు, అందుకని వాళ్లక్క పెట్టిన పేరు. అమ్మానాన్నా పోయినప్పుడు పిచ్చుకకి ఊహ కూడా తెలీదు. అక్కే పెంచింది. ఒక కాలు కుట్టుమిషన్ మీద, ఒక చెయ్యి పిచ్చుక ఊయల మీద పెట్టి పెంచానని అందరికీ చెప్పుకుంటుంది.

ఇప్పుడా అక్క వెళ్లిపోతోంది. ఎక్కడో దూరంగా యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం చేరాలి. పిచ్చుకని హాస్టల్లో పడేస్తుంది. దానికి ఒప్పుకోవడానికి లంచం ఈ ట్రిప్పు. పిచ్చుక మాత్రం తక్కువ తిందా? ఈ రెండ్రోజుల్లో ఎలాగైనా అక్క మనసు మార్చెయ్యాలని డిసైడైపోయి వచ్చింది. ఏడుపు ఒక ఆయుధం, అలక ఇంకోటి. ఏదీ పని చెయ్యకపోతే చలిజ్వరం ప్లాన్ కూడా ఉంది.

వాళ్లు వెళ్లిన షాపామెని అందరూ కోట్లమ్మ అంటారు. ఆ రోజు పెద్ద బస్సొకటి దిగింది, జనం ఎగబడ్డారు. పిచ్చుకకి ఒక కోటు దొరికింది గానీ అక్క సైజుది లేదు. అక్క అటూ ఇటూ చూసి, తలుపు వెనక మేకుకి విడిగా వేలాడుతున్న బూడిదరంగు కోటు లాగింది. బరువైంది, మంచి గుడ్డ. ఒకటే తేడా, రెండు జేబులూ కుట్టేసి ఉన్నాయి.

కోట్లమ్మ కాసేపు ఇద్దామా వద్దా అన్నట్టు చూసింది. తర్వాత, "వేసుకో అమ్మాయ్. జేబుల జోలికి మాత్రం పోకు. గ్లౌజులున్నాయిగా" అంది. ఎందుకని పిచ్చుక అడిగితే వినపడనట్టు పక్క కస్టమర్ బూట్లు చూడ్డం మొదలెట్టింది.

వ్యాన్ నడిపే డ్రైవరన్న వాళ్లని సరస్సు దగ్గర దింపాడు. దింపేముందు క్లాసు పీకాడు. ఎర్రగుడ్డ కట్టిన కర్రలు దాటి వెళ్లొద్దు, అటు పక్క సరస్సు, గడ్డకట్టినట్టే ఉంటుంది గానీ నమ్మడానికి లేదు. ఫోను చొక్కా లోపల పెట్టుకోండి, చలికి చార్జింగ్ చచ్చిపోద్ది. మంచు పట్టేసి ఏమీ కనపడకపోతే హీరోల్లా నడవొద్దు, ఆగండి. నేను హారన్ కొడతా, వినపడ్డ వైపుకి మెల్లగా రండి. ఆయన ప్రతి ట్రిప్పుకీ చెప్పే డైలాగే అది. పిచ్చుక ఆయన గొంతుతో మళ్లీ చెప్పి చూపిస్తే అక్క నవ్వింది.

సూపర్ ఉంది ఆ చోటు, అబద్ధం ఎందుకు. తెల్లటి కొండలు, తెల్లటి నేల, మధ్యలో పలకలా సరస్సు. చప్పుడే లేదు. చెవుల్లో దూది పెట్టినట్టుంది. పిచ్చుక ఫోటోల కోసం గ్లౌజు తీసింది, గ్లౌజు జారి నీటి గుంటలో పడింది, అంతే సంగతులు. కాసేపటికి వేళ్లు ఎర్రగా, తర్వాత తెల్లగా అయ్యాయి. నొప్పి కూడా తెలియట్లేదు.

అక్క తన గ్లౌజు ఇవ్వబోతే పిచ్చుక వద్దంది. చిన్నప్పుడు స్కూలుకి వెళ్లేటప్పుడు అక్క ఎడమ పక్కనే నడిచేది, చెయ్యి అక్క జేబులో దూర్చేసి. ఇప్పుడూ అదే కావాలంది. కావాలనే అడిగింది, సెంటిమెంటు కొడదామని. అక్క మొహం కొంచెం మెత్తబడింది కూడా.

అక్క ఎడమ జేబు కుట్టు చూసింది. కొత్త కోట్లకి షేపు పోకుండా జేబులకి కచ్చా కుట్టు వేసి పంపిస్తారని, కొన్నాక విప్పుకోవాలని, తెలీనోళ్లు అలాగే వేసుకు తిరుగుతారని చెప్పింది. టైలర్ కదా, ఆవిడకి ఏ కుట్టయినా విప్పడానికే కనిపిస్తుంది. కానీ దగ్గరగా చూసి కనుబొమలు ముడిచింది. అది మిషన్ కుట్టు కాదు. రెండు పోగుల దారం, కుట్టు మీద కుట్టు, దాని మీద మళ్లీ కుట్టు... కుట్టడం రాని చెయ్యెవరిదో భయంతో గబగబా పొడిచినట్టుంది. ఎవరు కుట్టారో గానీ చేతులు విరగ్గొట్టాలి అని నవ్వి, పళ్లతో దారం కొరికేసింది.

పిచ్చుక చెయ్యి దూర్చింది. లోపల వెచ్చగా లేదు. బయటకంటే చల్లగా ఉంది. కొంచెం తడి వాసన కూడా, ఫ్రిజ్ లోపల గడ్డకట్టిన ఐసు వాసన. అక్క వేళ్లు వచ్చి తన వేళ్లని పట్టుకున్నాయి. హమ్మయ్య అనుకుంది.

అలా నడుస్తూ అసలు మ్యాటర్ మొదలెట్టింది. హాస్టల్లో తిండి బాగోదంది. తను లేకపోతే అక్కకి ఎవరు కబుర్లు చెప్తారంది. జేబులో చెయ్యి ఇంకాస్త బిగిసింది. అబ్బో, వర్కవుట్ అవుతోంది. పిచ్చుక ఇంకాస్త గొంతు దించి, నన్ను వదిలేసి వెళ్లకక్కా అంది. చెయ్యి ఇంకా బిగిసింది. నొప్పి పుట్టేంత.

అప్పుడే మంచు మొదలైంది. ముందు పొడిపొడిగా, తర్వాత మొత్తం ముసుగేసినట్టు. వెలుతురు కూడా తగ్గిపోయింది, ఆ ఊళ్లో సాయంత్రం తొందరగా చచ్చిపోతుంది. అక్క కొండవైపు తిరిగి, ఆఖరి ఫోటో తీసేస్తానని ఫోను పైకెత్తింది.

రెండు చేతులతో.

పిచ్చుక చూసింది. కుడి చెయ్యి ఫోను మీద. ఎడమ చెయ్యి కూడా... ఫోను మీదే.

జేబులో వేళ్లు ఇంకా తన వేళ్లని పట్టుకునే ఉన్నాయి.

చిన్నవి. అప్పుడు తెలిసింది, ఎంత చిన్నవో. తన చూపుడువేలు చుట్టూ మాత్రమే మూసుకున్న పిడికిలి... గోళ్లు మెత్తగా ఉన్నాయి. బొటనవేలు మెల్లగా తన చర్మం మీద రుద్దుతోంది. పసిపిల్లలు నిద్రపోయే ముందు చేస్తారే, అలా.

పిచ్చుక చెయ్యి లాగింది. రాలేదు. మళ్లీ లాగింది... చర్మం చిట్లినంత మంట, ఊడొచ్చింది. వేలి చుట్టూ ఉంగరంలా తెల్లటి మచ్చ.

"అక్కా... కోటు విప్పెయ్."

అక్కకి అర్థం కాలేదు. ఈ చలిలో కోటు విప్పితే ఏమవుతుందో తెలుసా అని తిట్టింది. జేబులో ఏదో ఉందని పిచ్చుక చెప్తే, ఏముందో చూద్దామని అక్క గ్లౌజు తీసి తన చెయ్యి పెట్టింది.

పెట్టి, ఆగిపోయింది.

భయపడుతుందనుకుంది పిచ్చుక. అరుస్తుందనుకుంది. అక్క మొహంలో భయం లేదు. పిచ్చుకకి జ్వరం వచ్చినప్పుడల్లా నుదుటి మీద చెయ్యేసి చూస్తే వచ్చే మొహం అది. అదే మొహం... కానీ చూపు పిచ్చుక మీద లేదు.

"అయ్యో పాపం," గుసగుసగా అంది అక్క. "ఎంత చల్లగా ఉందో చూడవే."

దూరంగా హారన్ మోగింది. డ్రైవరన్న. వెనక వైపు, ఎడమగా. పిచ్చుక అక్క మోచెయ్యి పట్టుకుని అటు లాగింది. అక్క ఇటు నడిచింది. చిన్న చిన్న అడుగులు, చిన్నపిల్లతో నడిచేవాళ్లలా. ఎర్రగుడ్డ కర్ర ఒకటి పక్కనుంచి వెళ్లిపోయింది. కాళ్ల కింద మంచు మెత్తదనం పోయింది. నున్నగా, గట్టిగా... కింద ఎక్కడో నీళ్లు గుటకేసిన చప్పుడు.

మళ్లీ హారన్. ఇంకా దూరంగా.

పిచ్చుక ముందుకెళ్లి అడ్డంగా నిలబడింది. ఏడ్చింది, ఈసారి ప్లాన్ ప్రకారం కాదు. అక్కా నేనక్కా, పిచ్చుకనక్కా అంది. అక్క ఆమె వైపు చూసింది, ఎవరో దారిన పోయే అమ్మాయిని చూసినట్టు.

"తప్పుకోమ్మా. దీన్ని వాళ్లింటి దగ్గర దింపాలి."

కాళ్ల కింద టక్ మంది. సన్నటి గీత ఒకటి వాళ్లిద్దరి మధ్య నుంచి పాకింది.

ఇక పిచ్చుక ఆలోచించలేదు. అక్క మీదకి దూకి జిప్పు పట్టుకుని కిందకి లాగేసింది. కుడి చెయ్యి సులువుగానే వచ్చింది. ఎడమ చెయ్యి జేబులోంచి రాలేదు. అక్క కొట్టింది. జీవితంలో మొదటిసారి, చెంప మీద. పిచ్చుక వదల్లేదు. కోటుని తిరగేసి, జేబుతో సహా పట్టి గుంజింది. గుడ్డ చిరిగిన చప్పుడు, ఆ చప్పుడులోనే ఇంకో చప్పుడు... చిన్నపిల్లెవరో ముక్కు ఎగబీల్చినట్టు. కోటు చేతికొచ్చింది. ఖాళీ కోటుకి అంత బరువుండదు. దాన్ని మంచు మీదకి దూరంగా నెట్టేసింది.

అది కాసేపు జారింది. తర్వాత ఐసు విరిగింది.

తన కోటు అక్కకి కప్పి, హారన్ వినపడ్డ వైపు ఎలా పాకిందో పిచ్చుకకి సరిగ్గా గుర్తులేదు. డ్రైవరన్న టార్చి వేసుకుని సగం దూరం ఎదురొచ్చాడట. ఇద్దర్నీ వ్యాన్‌లో పడేసి, తడి బట్టలు తీయించి, దుప్పట్లు చుట్టాడు. గడ్డకట్టిన చేతుల్ని రుద్దకూడదు, చంకల్లో పెట్టుకోవాలి. అది కూడా ఆయనే చెప్పాడు.

కోటు పోయిందని చెప్తే కోట్లమ్మ అక్క ఎడమ చెయ్యి వంక చూసింది. పిచ్చుకని పక్కకి పిలిచి, జేబు విప్పారా అని అడిగింది. పిచ్చుక తలూపింది. అప్పుడు చెప్పింది, స్టవ్ ముందు కూర్చుని, గొంతు తగ్గించి. చాన్నాళ్ల కిందట ఒకావిడ ఆ కోటులోనే పాపతో సరస్సుకి వెళ్లి, ఒంటరిగా తిరిగొచ్చిందట. పాప ఏదని అడిగితే నవ్వుతూ, జేబులోంచి చెయ్యి తియ్యకుండా, ఇదిగో, చెయ్యి పట్టుకునే ఉన్నా కదా అందట. ముగ్గురు పట్టుకుంటే గానీ కోటు విప్పలేకపోయారట. ఆ జేబులు కోట్లమ్మే కుట్టిందట, తనకి కుట్టడం రాకపోయినా.

"మీ అక్క ఎంతసేపు పట్టుకుంది?"

పిచ్చుక తెలీదంది. కోట్లమ్మ వాళ్లు వెళ్తుంటే గుమ్మం దాకా కూడా రాలేదు.

డాక్టర్ చూసి, చలి దెబ్బేనని, చేతికి రంగు తిరిగొస్తుందని చెప్పాడు. అక్క మామూలుగానే ఉంది. నవ్వింది, టీ తాగింది, చెంప మీద కొట్టినందుకు పిచ్చుకని దగ్గరికి తీసుకుంది. ఇంటికొచ్చే బస్సులో ఫ్యాక్టరీ వాళ్లకి ఫోన్ చేసింది. ఉద్యోగంలో చేరలేనంది. ఇంట్లో పిల్ల ఉందండీ, చెయ్యి వదిలితే ఊరుకోదు అంది.

పిచ్చుక కిటికీ వైపు తిరిగి నవ్వేసుకుంది. అక్క తనని ఇంకా పిల్ల అంటోంది. కొంచెం సిగ్గు కూడా వేసింది. హాస్టల్ లేదు, ఏమీ లేదు. అక్క ఎక్కడికీ పోదు. అంతకంటే ఏం కావాలి.

బస్టాండు బయట రోడ్డు దాటాలి. లారీలు, ఆటోలు, ఒకటే రద్దీ. పిచ్చుక అలవాటుగా అక్క ఎడమ పక్కకి వచ్చి చెయ్యి అందుకోబోయింది. అక్క మెల్లగా భుజం అడ్డం పెట్టింది.

"ఇటు రావే, కుడి పక్కకి," అంది, చాలా మామూలుగా. "ఆ చెయ్యి ఖాళీ లేదు."

పిచ్చుక అటు చూడలేదు. చూడకూడదనుకుంది. కుడి పక్కకి వచ్చి అక్క చేతిని రెండు చేతులతో పట్టుకుంది. వెచ్చగా ఉంది. అక్క చెయ్యే. బళ్లు ఆగే ఎర్రలైటు కోసం నిలబడ్డారు. ఎడమ వైపు నుంచి లారీలు వస్తున్నాయి, ఒకదాని వెనక ఒకటి.

పిచ్చుక ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

అక్క ఎడమ భుజం కిందకి వంగింది... అటు నుంచి కూడా ఎవరో గట్టిగా పట్టుకున్నట్టు. లైటు ఇంకా పడలేదు. అక్క ఒక అడుగు అటు, రోడ్డు మీదకి, జరిగింది.