ఎర్రచేలో మంద పెట్టిన రాత్రి

కొమరోలు దారిలో ఎర్రచేను పేరెత్తితే ఇప్పటికీ మా వైపు ముసలోళ్లు మాట మారుస్తారు. పొద్దు గూకినాక ఆ గట్టెమ్మడి ఎవరూ నడవరు. తెల్లదొరల కాలంలో, ఈ ఊళ్లన్నీ కర్నూలు జిల్లాలో ఉన్నప్పుడు జరిగిన సంగతి. మా అవ్వ చెప్పింది చెప్పినట్టే చెప్తా, నమ్మితే నమ్మండి.

ఆ చేను అబ్రహాముది. కడుపు చేతబట్టుకొని కోలారు గనులకు పోయినాడు. ఆయన అటు పోవడమే, పక్క చేను కొండయ్య నాగలి గట్టు దాటించి మొత్తం దున్నుకున్నాడు. సొంతదారు పన్నెండేళ్లు నోరెత్తకపోతే భూమి సాగులో ఉన్నోడిదేనని వకీలు చెప్పినాడు. ఇంక కొండయ్యకు అదే జపం — పన్నెండు, పన్నెండు.

పదకొండో ఏట అబ్రహాము దిగినాడు. ఇంటికి గూడా పోకుండా, చీకట్లో నేరుగా చేలోకే వచ్చినాడు పాపం.

"నా చేను నాకియ్యి కొండన్నా," అన్నాడు. అంతే.

కొండయ్య గడ్డపార ఎత్తినాడు. మొదటి దెబ్బకు మనిషి పడలేదు... మోకాళ్ల మీద కూలి చేతులడ్డం పెట్టినాడు. చేతులు విరిగినాయి. మూడో దెబ్బకు తల పగిలింది. ఇంకా మూలుగుతా ఉంటే నోట్లో మట్టి కుక్కి, అక్కడే గుంత తీసి పూడ్చినాడు, పాపిష్టోడు. పెళ్లాం ఎలీషబా మొగుడింకా కోలారులోనే ఉన్నాడనుకుంది.

మర్నాటి నుంచి ఎద్దులు ఆ చేలో అడుగు పెట్టలేదు. రాత్రిళ్లు ఎవరో గట్లు కొలుస్తున్నట్టు అడుగుల చప్పుడు... చేను బీడు పడింది.

"సాగు తెగితే లెక్క తెగినట్టే," అన్నాడు వకీలు. "నువ్వు అందులోనే ఉన్నావని చెప్పే సాక్షిని చూసుకో."

పన్నెండేళ్లకు ఇంక నెల. కొండయ్య అర్ధవీడు నుంచి గొర్రెల అంకయ్యను పిలిపించి, ఎరువుకని చేలో రాత్రికి మంద పెట్టించినాడు. ఊరుగానోడు, ఆ చేను సంగతి తెలీనోడు. తానూ గొంగడి కప్పుకొని పక్కనే పడుకున్నాడు.

నడిరేయి... రెండొందల జీవాలు ఒక్క మూలకు ఒత్తుకున్నాయి. నడుమ మనిషి పడుకునేంత చోటు ఖాళీ. పొట్టేలొకటి అక్కడ నేలను కాలితో గీరుతా ఉంది — గర్... గర్...

గొంగడి మీద ఏదో బరువు ఆనింది. చెవి పక్కనే గుసగుస.

"ఎవరి చేను... కొండన్నా?"

నాది అందామనుకున్నాడు. నోట్లో మట్టి నిండింది — ముక్కులోకి, గొంతులోకి. కాళ్లు తన్నుకున్నాడు, గింజుకున్నాడు, ఊపిరాడలేదు.

"నీదే... నీ చేనే నాయనా..." మట్టి నోటితోనే ఎట్లనో గొణిగినాడు.

బరువు లేచిపోయింది.

తెల్లారితే కొత్త మనిషెవరూ లేరు. అంకయ్య జీవాలను తోలుకుంటున్నాడు, మొహంలో ఏ బెదురూ లేదు. కొండయ్య ధైర్యం తెచ్చుకున్నాడు. విన్నది చచ్చినోడే గదా, వాడొచ్చి సాక్ష్యం చెప్తాడా ఏంది?

పన్నెండు నిండినాయి, చేను నాదేనని ఊరంతా చాటినాడు. ఎలీషబా మొగుడి పేరున్న చేను పత్రం పట్టుకొని కోర్టుకు పోయింది. కొండయ్య అంకయ్యను బోనెక్కించినాడు.

"ఎవరి చేలో మంద పెట్టినావు?" అడిగినాడు జడ్జిదొర.

"అబ్రహాము చేలో దొరా."

కొండయ్య కళ్లురిమినా అంకయ్య ఆపలేదు.

"రాత్రి ఆయనొచ్చి, నేను అబ్రహామును, నా చేలో ఎవర్నడిగి పెట్టినావని కసిరినాడు. తప్పయిందని నేనన్నా. సర్లే ఉండు, అన్నాడు. కొండయ్య మామ గూడా నా ముందరే, నీ చేనే నాయనా అని ఒప్పుకున్నాడు."

జడ్జిదొర కలం ఆపినాడు. "అయితే ఆ మనిషి వచ్చినాడా? పిలవండి."

బంట్రోతు వరండాలోకి పోయి కేకేసినాడు.

"అబ్రహాము..."

అందరూ వాకిలి దిక్కు చూస్తా ఉన్నారు.

"అబ్రహాము..."

"పిలవొద్దు దొరా," కొండయ్య బల్ల ముందర కూలబడినాడు. "వాడు రాడు. ఈ చేతుల్తోనే కొట్టి చంపినా, నేనే పూడ్చినా. చేను వాళ్లకే ఇచ్చేయండి. మూడోసారి మాత్రం పిలవొద్దు..."

ఎలీషబా కొంగు నోట్లో కుక్కుకొని గోడకానుకుంది.

బంట్రోతు గుమ్మంలోంచి తొంగి చూసినాడు.

"ఆయనొచ్చినాడు దొరా," అన్నాడు మెల్లగా. "చెప్పులిడుస్తా ఉన్నాడు."