పిడికిలి తాళం

మంగతాయారు మెట్లు దిగి వస్తుంటే గేటు పలకరించింది.

"అమ్మగారూ, మళ్ళీ కారు దగ్గరికేనా?"

"నా కారు, నా కాళ్ళు. మధ్యలో నీకేం నొప్పి?"

"నాకేం లేదండి. మోకాళ్ళు నొప్పులని నిన్న మీరే అన్నారు."

విశాఖపట్నంలో 2088 నాటికి గేట్లన్నీ మాట్లాడుతున్నాయి. వచ్చేవాళ్ళ పేరు అడుగుతాయి, వెళ్ళేవాళ్ళకి గొడుగు గుర్తుచేస్తాయి. కార్లు మాత్రం మాటా పలుకూ లేకుండా తిరుగుతాయి. పిలిస్తే వస్తాయి, ఎక్కితే తీసుకెళ్తాయి, దిగాక తమ దారిన పోతాయి. వాటికి డ్రైవరు లేడు, సొంతదారు లేడు. నిన్న ఎక్కిన కారు ఏదో ఇవాళ ఎవరికీ గుర్తుండదు. వీడ్కోలు చెప్పే అవసరం లేని బళ్ళు అవి.

అపార్టుమెంటు వెనక రేకుల షెడ్డులో ఉన్నది అలాంటిది కాదు. మీగడరంగు అంబాసిడర్. ఆమె భర్త పరాంకుశం తాతగారు 1974లో కొన్నది. పరాంకుశం దాన్ని ప్రాణంలా చూసుకున్నాడు. తాళంచెవి తిప్పేముందు స్టీరింగు చక్రాన్ని రెండు చేతులా ముట్టుకుని కళ్ళకద్దుకునేవాడు. "దణ్ణం బండికా, ఎదురుగా ఉన్న పోలీసుకా?" అని ఆవిడ ఆట పట్టించేది. ఆయన పోయి అయిదేళ్ళయింది.

అంతకు ముందు పోయినవాళ్ళు చాలామందే ఉన్నారు. నాన్న, ఓడ ఎక్కి వెళ్ళి తిరిగి రాని తమ్ముడు, ఒకే మంచం మీద పడుకుని పెరిగిన అక్క. ప్రతి ఒక్కరినీ తను ఇంకొంచెం గట్టిగా పట్టుకుని ఉంటే ఉండేవారేమోనని మంగతాయారుకి అనిపిస్తుంది. అందుకే మిగిలిన ఒక్క కారునీ గట్టిగానే పట్టుకుంది. చక్రానికి గొలుసు. గేరుకి సంకెల. పెడళ్ళ మధ్య అడ్డుకర్ర. బానెట్టుకి తాళంకప్ప. బ్యాటరీ ఎక్కడో కనబడని మీట నొక్కితేగాని పనిచెయ్యదు. వాటి చెవులన్నీ ఆవిడ నడుముకి వేలాడి, నడుస్తుంటే గలగలమంటాయి.

భయం ఊరికే పుట్టలేదు. పాత కార్లని సేకరించేవాళ్ళ కోసం దొంగలు ఊళ్ళు గాలిస్తున్నారు. వాళ్ళ దగ్గర సంకేతాల్ని అనుకరించే యంత్రాలున్నాయి. ఎంత తెలివైన ఎలక్ట్రానిక్ తాళమైనా వాటి ముందు కళ్ళు మూసి తెరిచేలోగా తెరుచుకుంటుంది. అందుకని జనం మళ్ళీ ఇనుము దగ్గరికే వచ్చారు. ఇనుప తాళాలకీ మారు చెవులు పుట్టుకొచ్చాక, గాజువాకలో లోహశాస్త్రం చదివిన హెప్సిబా పిడికిలి తాళం కనిపెట్టింది.

అది చూడ్డానికి మామూలు కడ్డీ. స్టీరింగు చక్రానికి అడ్డంగా బిగిస్తే చక్రం తిరగదు. అందులో తీగ లేదు, చిప్ లేదు, సంకేతం లేదు. మధ్యలో చేతికి పట్టేంత మేర స్మృతిలోహం ఉంటుంది. మొట్టమొదట ఎవరు పట్టుకుంటే వాళ్ళ పట్టుని ఆ లోహం నేర్చుకుంటుంది. వేలిముద్ర కాదు, దాన్ని అనుకరించే దొంగతొడుగులున్నాయి. ఏ వేలు ఎంత నొక్కింది, అరచేతి వెచ్చదనం ఎంత, బలం ఒక్కసారిగా వచ్చిందా, నెమ్మదిగా వచ్చిందా, ఇవే దాని లోపలి రేణువుల్లో స్థిరపడిపోతాయి. మళ్ళీ అదే తీరున పట్టుకుంటే వదులవుతుంది. దొంగ పట్టుకున్నట్టు ఆత్రంగా పట్టుకుంటే ఇంకా బిగుసుకుంటుంది.

దసరా ముందురోజు హెప్సిబా ఆ కడ్డీని గుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. "పిన్నిగారూ, పండగయ్యాక నేనొచ్చి మీ పట్టు నేర్పిస్తాను. అందాకా విప్పకండి" అని చెప్పి వెళ్ళింది.

ఇప్పుడు ఆ కడ్డీ స్టీరింగుకి బిగిసి ఉంది. మూడు రోజులుగా ఊడిరావడం లేదు.

మంగతాయారు షెడ్డులోకి వెళ్ళేసరికి హెప్సిబా అప్పటికే డ్రైవరు సీట్లో వంగి కూర్చుని, కంటికి భూతద్దం పెట్టుకుని కడ్డీని పరీక్షిస్తోంది.

"పిన్నిగారూ, ఇది తాళం పట్టుకున్న పట్టు కాదు. అరచేతులు పైకి తిరిగి ఉన్నాయి. అదీ ఒకటి కాదు, రెండు. బొటనవేళ్ళు అసలు నొక్కనే లేదు. దీన్ని మీరేం చేశారు?"

"ఏం చేస్తాను, పూజ చేశాను."

"విప్పొద్దని చెప్పానుగా."

"దసరా నాడు కొత్త ఇనుము ఇంట్లో ఉంచుకుని బొట్టు పెట్టకుండా ఎలా ఉంటానే అమ్మాయ్. కత్తిపీటకి పెట్టాను, సుత్తికి పెట్టాను, దీన్ని మాత్రం గుడ్డలో ఉంచేస్తానా? గంధం రాసి, కుంకుమ పెట్టి, కళ్ళకద్దుకుని, నువ్వు చూపించినట్టే చక్రానికి బిగించాను. టక్కుమంది. బాగుందనుకున్నాను."

హెప్సిబా నుదురు పట్టుకుంది. "అదన్నమాట. ఇది కళ్ళకద్దుకునే చేతులు నేర్చుకుంది."

"దానికేం, మళ్ళీ అలాగే పట్టుకుంటాను."

మంగతాయారు సీట్లో సర్దుకుని కూర్చుంది. రెండు అరచేతులూ పైకి తిప్పి కడ్డీ కింద పెట్టింది. వేళ్ళు వదులుగా ఉంచింది. కడ్డీ కీచుమని మరింత బిగిసింది. రెండోసారీ అంతే.

"చూపుకి సరిగ్గానే ఉంది" అంది హెప్సిబా, "లోపల మాత్రం వేళ్ళు లాగుతున్నాయి. దొంగ చేతికి బిగుసుకున్నట్టే బిగుసుకుంటోంది."

"నా కారుకి నేను దొంగనా?"

"నేననలేదు. లోహం అంటోంది." గొంతు తగ్గించి చెప్పింది. "మీకొక్కరికే కాదు పిన్నిగారూ. ఇంతవరకూ అమ్మిన తాళాల్లో సగం నా దగ్గరికి తిరిగొచ్చాయి. దొంగలు తీశారని ఒక్కటీ రాలేదు. సొంతదారులకే రావడం లేదట. లోహంలో లోపమేమోనని నిద్రపట్టడం లేదు నాకు."

"కోసెయ్యరాదూ?"

"కోసే మంటకి చక్రం కరిగిపోతుంది. దాని కిందున్న స్టీరింగు ఇరుసు వంగిపోతుంది. ఈ కారుకి విడిభాగాలు ఇప్పుడు ఎక్కడున్నాయి?"

ఎక్కడా లేవని మంగతాయారుకి తెలుసు. రేపటి సంగతీ తెలుసు. రేపు పాతబళ్ళ రోజు. మనిషి నడిపే బళ్ళని ఏడాదికి ఆ ఒక్క పూటే బీచి రోడ్డు మీదికి రానిస్తారు. ఈ చివరినుంచి ఆ చివరిదాకా తన చక్రాల మీద తాను నడిచిన బండికి మరో ఏడాది బతుకు. నడవని బండిని లోహశాలవాళ్ళు వచ్చి ఎత్తుకెళ్ళి కరిగించేస్తారు. బండి ఇంట్లో పెట్టుకుని నడిపించకపోవడం ఆ చట్టం ప్రకారం ఇనుము దాచుకోవడం కిందే లెక్క.

ఆ సాయంత్రమంతా ఆవిడ కడ్డీతో పెనుగులాడింది. చేతులు కడుక్కుని పట్టుకుంది. కళ్ళు మూసుకుని పట్టుకుంది. మళ్ళీ బొట్టు పెట్టి పట్టుకుంది. తిట్టింది, బతిమాలింది. అది బిగుస్తూనే ఉంది.

మర్నాడు పొద్దున్న గేటు మెల్లగా అంది. "అమ్మగారూ, మన కారు ఇంకా కదల్లేదని లోహశాల బండి వచ్చింది. లోపలికి రానివ్వమంటారా?"

"కాసేపాగమను."

"ఏమని చెప్పనండి?"

"వీడ్కోలు చెప్పుకుంటున్నారని చెప్పు."

గేటు అలాగే చెప్పింది.

మంగతాయారు గొలుసు విప్పింది, సంకెల తీసింది, అడ్డుకర్ర పక్కన పెట్టింది, తాళంకప్ప ఊడదీసింది. కరిగిపోయేదానికి ఇవన్నీ ఎందుకు. చెవుల గుత్తి కూడా నడుము నుంచి తీసి షెడ్డు మూల మేకుకి తగిలించింది. హెప్సిబా తలుపు దగ్గర తలొంచుకుని నిలబడి ఉంది.

ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుంది. చక్రం మీద పైభాగాన నలుపు అరిగి రెండు చోట్ల నున్నగా ఉంది, పరాంకుశం చేతులుండే చోట. ఈ కారులోనే ఆవిడ కొత్తపెళ్ళికూతురుగా సింహాచలం కొండెక్కింది. ఈ కారులోనే అక్కని స్టేషనుకి దిగబెట్టింది. వానలో ఆగిపోయిన రోజున ఆయనా తనూ లోపలే కూర్చుని పల్లీలు వలుచుకు తిన్నారు. పోయినవాళ్ళ గురించి తలుచుకుంటే ఎప్పుడూ పోవడమే గుర్తొచ్చేది. ఇవాళ మాత్రం వాళ్ళు పక్కన కూర్చోవడం గుర్తొచ్చింది.

"చాలాదూరం తీసుకొచ్చావు తండ్రీ" అంది కారుతో. "ఎక్కడా పడెయ్యలేదు."

చేతులు వాటంతటవే కడ్డీ కిందికి వెళ్ళాయి. ప్రసాదం పుచ్చుకున్నట్టు పట్టుకుని, ముందుకి వంగి కళ్ళకద్దుకుంది.

టక్కుమంది. కడ్డీ ఊడి ఒళ్ళో పడింది.

హెప్సిబా పరుగెత్తుకొచ్చింది. "ఎలా పట్టుకున్నారు? ఈసారి ఏం చేశారు?"

"ఏమీ చెయ్యలేదే. ఎక్కు, ముందు ఎక్కు. గేటూ, ఆ లోహశాలవాళ్ళని పక్కకి తప్పుకోమని చెప్పు."

"చాలా సంతోషంగా చెబుతానండి" అంది గేటు.

బీచి రోడ్డు మీద ఆవేళ సముద్రం కంటే హారన్ల చప్పుడే ఎక్కువ. మీగడరంగు అంబాసిడర్ ఆ చివరిదాకా వెళ్ళింది, కొంచెం దగ్గింది, అయినా ఆగలేదు. అక్కడ దాని అద్దానికి మరో ఏడాది ముద్ర అంటించారు. ఎదురుగా టీ దుకాణం కనబడింది. మంగతాయారు కారు ఒక పక్కగా ఆపి పిడికిలి తాళం బిగించింది. మిగతా తాళాలు షెడ్డులోనే ఉండిపోయాయని అప్పుడు గుర్తొచ్చింది. ఆశ్చర్యంగా, వెనక్కి పరిగెత్తాలనిపించలేదు. సముద్రపు గాలి ఆడుతుందని కిటికీ అద్దాలు కూడా దించే వదిలింది.

టీ తాగుతూ హెప్సిబా అంది. "పిన్నిగారూ, ఒక సంగతి ఆలోచిస్తున్నాను. ఇది చేతిని గుర్తుపట్టదు, పట్టుని గుర్తుపడుతుంది. మీలాగే కళ్ళకద్దుకునేవాళ్ళు ఇంకెవరు పట్టుకున్నా తెరుచుకుంటుంది. అంటే ఇది తాళమే కాదేమో."

గ్లాసు అక్కడ పెట్టేసి ఇద్దరూ కారు వైపు నడిచారు. నడక పరుగయింది.

డ్రైవరు సీట్లో ఎవరో మనిషి కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. ఒళ్ళో కడ్డీ. అటూ ఇటూ అనుమానంగా చూస్తున్నాడు.

"ఎవరయ్యా నువ్వు?"

"ఈ బండి తవరిదేనా అమ్మా?" అతను గబగబా దిగాడు. "నాను దొంగోణ్ణి కాదమ్మా. అప్పలసూరినంటారు. మరమరాల్తో మురీ మిక్సీ కలిపి అమ్ముకుంటాను, అదిగో నా తోపుడుబండి. మా తాత ఇలాటి టేక్సీయే తోలీవోడు. పొద్దున్నే సక్రం ముట్టి కళ్ళకద్దుకునీవోడు, పక్కన కూకుని నానూ అద్దుకునీవోణ్ణి. ఇయాల ఈ బండి సూసీసరికి సెయ్యి ఊరుకోనేదు. కిటికీలోంచి రెండు సేతులూ ఎట్టి, సక్రం మీదున్నదాన్ని అలా ముట్టి దణ్ణం ఎట్టుకున్నాను, అంతే. ఈ ఇనుపకడ్డీ ఊడి పడిపోనాది. ఇరగ్గొట్టీసానేటో అని బెంగెట్టుకున్నాను."

"మరి వెళ్ళిపోలేదేం?"

"ఎలాగెల్తాను? తాళం నేని బండాయె. ఎవుడైనా అట్టుకుపోతే? అందుకే లోపల కూకుని కాపలా కాత్తన్నాను. ఈలోగా నా మురీ కాకులు తినీసుంటాయి."

హెప్సిబా మొహం పాలిపోయింది. "నా తాళం ఓడిపోయింది పిన్నిగారూ."

"ఎక్కడ ఓడిపోయింది?" అంది మంగతాయారు. "కారు ఇక్కడే ఉందిగా."

అప్పలసూరి చేతిలోంచి కడ్డీ తీసుకుని ఆవిడ హెప్సిబాకిచ్చింది. సీట్లోకి ఎక్కి కూర్చుని పక్క తలుపు తెరిచింది.

"ఎక్కు నాయనా. మీ తాత పక్కన కూర్చున్నట్టు కూర్చో. ముద్ర పడింది కాబట్టి మధ్యాహ్నందాకా తిరగనిస్తారు."

"నా మురీ బండమ్మా."

"ఈవిడ చూస్తుంది. తాళాలు చెయ్యడం వచ్చినదానికి కాకుల్ని తోలడం రాదూ?"

అతను చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని ఎక్కాడు. ఇద్దరూ ఒకేసారి చక్రాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నారు. ఇంజను అంటుకుంది. "వెళ్ళొస్తాం" అని చెయ్యి ఊపింది మంగతాయారు, వెనక ఎవరు మిగిలిపోతున్నారోనని అద్దంలో చూసుకోకుండానే.

తోపుడుబండి పక్కన హెప్సిబా ఒక్కతే నిలబడింది. తన పనంతా ఆ కడ్డీలోనే ఉంది. ఎవరైనా లాక్కుపోతారేమోనని దాన్ని గుండెకి ఆనించుకుని గట్టిగా పట్టుకుంది.

కడ్డీ కీచుమని బిగుసుకుంది.