మనిద్దరికీ అరవై రెండు శాతమే

"మనిద్దరికీ అరవై రెండా? కొత్తమ్మాయితో నీకు తొంభై ఒకటా?" ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఆ పరిశోధన గదిలో పని ఇదీ: కుట్టుమిషన్ కార్మికులు చెప్పిన జవాబులను ఇద్దరు విడివిడిగా చదివి, ఒక్కోదానికి కోపం, భయం, సంతోషం అని గుర్తు పెట్టాలి. ఇద్దరి గుర్తులూ ఎంత కలిశాయో కంప్యూటర్ చెబుతుంది. ఎక్కువ కలిసిన జంటకే వచ్చే ఏడాది పని అని మేడమ్ తేల్చేశారు. ఒళ్ళు మండిన ఈ అమ్మాయిది సోషియాలజీ. ఆమె జతగాడిది స్టాటిస్టిక్స్, అందరూ లెక్కలబ్బాయి అంటారు. ఈ వారం అతను కొత్తమ్మాయికి జతగా పనిచేశాడు. ఇప్పుడూ ఆ అమ్మాయి టేబుల్ మీదకి వంగి ఏదో చూపించి వచ్చాడు. అంతలా వంగాలా? మెడ పట్టేస్తే బాగుణ్ణు!

"తేడా ఎక్కడొచ్చిందో చూసిపెట్టనా?"

"అక్కర్లేదు. పైథాన్‌లో ప్రోగ్రాం రాయడం నాకూ వచ్చు."

"నిన్నటిదాకా ప్రతి లైనుకీ నన్నే పిలిచావుగా?"

"నిన్న సంగతి వేరు. వెళ్ళు, పాపం అక్కడ ఎదురుచూస్తోంది."

వచ్చు అన్నది శుద్ధ అబద్ధం. మొదలుపెట్టి నెలే అయింది. మూడు రోజులు స్క్రీన్ నిండా ఎర్రటి తప్పులే. కామా మరిస్తే అలక, బ్రాకెట్ మరిస్తే అలక. ఈ కంప్యూటర్‌కి తనకన్నా ఉక్రోషం ఎక్కువలా ఉంది! అయినా పంతం కొద్దీ వదల్లేదు. వదిలితే ఏడాదంతా అతని పక్క కుర్చీ కొత్తమ్మాయిదే. తలచుకుంటేనే ఏడుపొచ్చింది.

నాలుగో రోజు గుర్తులను వారాలవారీగా విడగొట్టింది. జ్వరమొచ్చి తను ఇంట్లో కూర్చుని చేసిన వారం తొంభై మూడు. అతని పక్కన కూర్చుని చేసిన మూడు వారాలు యాభై రెండు. ఆ జవాబులు తెరిచి చదివింది. ల్యాప్‌టాప్ పట్టుకుని నేరుగా అతని దగ్గరికి వెళ్ళింది.

"'పొద్దంతా వంగి కుట్టి నడుం పడిపోతోంది' అందావిడ. సంతోషం అని పెడతావా?"

లెక్కలబ్బాయి చెవులు ఎర్రబడ్డాయి. "అప్పుడు నువ్వు నవ్వుతున్నావు."

"నేను నవ్వితే?"

"చదివింది బుర్రకెక్కదు. కొత్తమ్మాయి దగ్గర ఆ గొడవే లేదు."

ఆమె ల్యాప్‌టాప్ మూసేసింది. "ముందే చెప్పొచ్చుగా!"

"ఏమని? నువ్వంటే ఇష్టం, అందుకే తప్పులు పెడుతున్నానని మేడమ్ ముందు చెప్పనా?"

నాలుగు రోజుల కుళ్ళు ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

"ఆ మూడు వారాలవీ మళ్ళీ చేస్తామని అడుగుదాం. నువ్వు మాత్రం పక్క గదిలో కూర్చో."

"ఏడాదంతానా?"

"ఏడాదంతా."

"మరి భోజనానికి?"

"దానికెవరూ శాతాలు కట్టరులే. వచ్చి నా పక్కనే కూర్చో."