ఎనిమిదో తలుపు

"మొత్తం ఎనిమిది తలుపులు. వాటి కరెంటు సంగతి ఇవాళ తేలిపోవాలి," అన్నాడు చీఫ్ జగన్నాథరావు, కాకినాడ ఆఫీసులో. "ఈ పని పేరు ఆపరేషన్ ఊక."

మండపేట శివార్లలో పైకి మూతబడ్డ రైస్ మిల్లు, లోపల రహస్య ల్యాబ్. చివరి గదిలో ఉప్పునీళ్లలోనూ పండే వరి విత్తనం, గుప్పెడంటే గుప్పెడే. ఒక విదేశీ ముఠా దానికోసం కాచుకుని ఉంది. అది పోయిందా, సముద్రం కాటేసిన చేలకు ఇక దిక్కు లేదు.

తలుపులకు సామాను ఎంచింది డిపార్ట్‌మెంట్ ఎక్స్‌పర్ట్ మధులత. ఆవిడ నవ్విందంటే ఫైళ్లు వాటంతటవే సంతకం పెట్టుకునేవి. అన్నిటికీ అయస్కాంతం తాళాలు, ఒకటే పవర్ సప్లై, బ్యాటరీ అక్కర్లేదని రాసింది.

ఏజెంట్ వీరబ్రహ్మం అడ్డం తిరిగాడు. కరెంటు పోతే అయస్కాంతం పట్టు వదిలేస్తుంది. మనుషులు తిరిగే ఏడు తలుపులకూ అదే మేలు, నిప్పంటుకుంటే బయటపడతారు. విత్తనం గదికి మాత్రం కరెంటు లేకపోయినా బయటినుంచి తెరుచుకోని తాళం, విడిగా కార్డులు సరిచూసే కంట్రోలర్, పవర్ సప్లై, బ్యాటరీ ఉండాలన్నాడు.

"ఆవిడ మాటే ఫైనల్," అన్నాడు చీఫ్.

"నేను పెట్టేది పెట్టే తీరతానండి. నన్ను పీకేసే కాగితం టైపు చేయించుకోండి."

నాలుగో రోజు పొద్దున్న పదకొండింటికి మధులత తనిఖీకి వచ్చింది. గడ్డం అంటించుకుని, ఎలక్ట్రీషియన్ వేషంలో నిచ్చెనెక్కి ఉన్నాడు వీరబ్రహ్మం. తాను మండపేటలోనే పుట్టి పెరిగానని వాచ్‌మన్ చిట్టియ్యతో కబుర్లు చెబుతోంది ఆవిడ.

టప్పున కరెంటు పోయింది.

చిట్టియ్య అలవాటుగా కిటికీ దగ్గరకు పరిగెత్తాడు. "ఎదురు మిల్లులో ఉందండోయ్."

మధులత కిటికీ వైపు చూడలేదు. వాచీ చూసుకుంది.

వీరబ్రహ్మం మీసం జలదరించింది. చేతిలోని టెస్టర్ వెనక బటన్ నొక్కాడు.

కరెంటు పోగానే ఏడు తలుపులూ వరసగా పట్టు వదిలేశాయి. లారీ క్లీనర్ల వేషంలో ఇద్దరు లోపలికి దూసుకొచ్చారు. మధులత ఎనిమిదో తలుపు లాగింది. కదల్లేదు. కార్డు గీకింది. బ్యాటరీ మీద బతికున్న కంట్రోలర్ ఎర్రదీపం వెలిగించింది. వీరబ్రహ్మం నొక్కిన బటన్‌తో ఆ కార్డు రద్దయి అప్పటికి ఎనిమిది సెకన్లు.

అదే బటన్ సంకేతానికి పరిగెత్తుకొచ్చిన గార్డులు ముగ్గురినీ చుట్టుముట్టారు.

"ఎలా పట్టావు?" అంది మధులత.

"కరెంటు పోతే పక్కోడికుందో లేదో చూడని మనిషి మండపేటలో పుట్టదండి," అన్నాడు గడ్డం పీక్కుంటూ.

తర్వాత చీఫ్‌కి ఫోన్ చేసి, తన కాగితం టైపయిందా అని అడిగాడు.

"సగంలో ఉండగా కరెంటు పోయిందయ్యా."

"ఎదురాఫీసులో ఉందేమో చూశారా అండి?"