తాళం వేసిన క్వార్టర్లో ఆడగొంతు

ఉక్కునగరంలో దెయ్యాలుండవని నేను చాలా ఏళ్ళు నమ్మాను. ఇనుమున్న చోటికి దెయ్యం రాదంటారు కదా. మేం పొద్దున లేస్తే ఇనుము, పడుకుంటే ఇనుము. అలాంటి చోట, మా సెక్టారు చివరి వరుసలో కానుగ చెట్టు పక్కనున్న కింది క్వార్టరుకి పోయిన ఆగస్టులో దెయ్యముందని పేరు పడిపోయింది. పాలబ్బాయి ఆ సందులోకి రానని చెప్పేశాడు. రాత్రి బి షిఫ్టు బస్సు దిగినవాళ్ళు పార్కు చుట్టూ తిరిగి ఇళ్ళకి చేరుతున్నారు. నేనూ అందులో ఒకణ్ణే, బడాయి దేనికి.

పగలు చూస్తే ఏమీ ఉండదు. ముందు తలుపుకి పెద్ద తాళం, మూసిన కిటికీలు, గుమ్మం పక్కన తులసి కుండీ. చీకటి పడిందంటే మాత్రం—

లోపల ఎవరో నడుస్తారు. కుళాయి తిప్పి, వెంటనే కట్టేస్తారు. కుక్కరు కూత మొదలెట్టి సగంలోనే టక్కున ఆగిపోతుంది, ఎవరో దాని పీక నొక్కినట్టు. ఆ తర్వాత అంతా సద్దుమణిగాక... ఒక ఆడగొంతు, బాగా సన్నగా—

"నాన్నా... తిన్నావా?"

అంతే. కాసేపు ఏమీ వినపడదు. ఆ తర్వాత వెక్కిళ్ళు.

ఇదంతా నాకు గవర్రాజు చెప్పాడు. నాతోపాటు రోలింగ్ మిల్లులో పనిచేస్తాడు. అతనిది ఆ పక్క క్వార్టరే. మధ్యలో ఒక్క గోడ.

ఆ ఇల్లు దేవీప్రసాద్ గారిది. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన మనిషి. భార్య భ్రమరాంబ గారు, ఒక్కగానొక్క కొడుకు నాగవంశీ. ఆ అబ్బాయికి ఉత్తరాదిలో, రెండు రైళ్ళు మారితేగాని చేరలేని ఊళ్ళో, యూనివర్సిటీ సీటు వచ్చింది. మా దగ్గర పిల్లని దూరం పంపడమంటే సంచి చేతికిచ్చి రైలెక్కించడం కాదు. పరుపు, బకెట్టు, మగ్గు, ఆవకాయ జాడీ, కందిపొడి, అలమారలో పరవడానికి పాత పేపర్లు... వీటన్నిటితో పాటు అమ్మా నాన్నా కూడా వెళ్ళాలి. వెళ్ళి కొన్నాళ్ళుండి, పిల్లాడు అక్కడి నీళ్ళకి, తిండికి అలవాటు పడ్డాక రావాలి.

భ్రమరాంబ గారు సెక్టారంతా తిరిగి మరీ చెప్పింది. "నెల్లాళ్ళుంటాం. హాస్టలు పక్కనే గది తీసుకుంటాం. నేను కలిపి పెడితేగాని వాడు ముద్ద మింగడు." దువ్వాడ స్టేషనుకి మేం పాతికమందిమి వెళ్ళి సాగనంపాం. ఆవిడ కిటికీలోంచి చెయ్యి ఊపుతూనే ఉంది. ముందు తలుపు తాళంచెవి గవర్రాజు చేతికిచ్చి, తులసికి నీళ్ళు పొయ్యమన్నారు.

వాళ్ళు వెళ్ళి వారం తిరక్కముందే ఆ గొంతు మొదలైంది.

ఇక్కడ గవర్రాజు గోల ఏమిటో చెప్పాలి. అతని కూతురు మధులతకి కూడా సీటొచ్చింది. అదీ దూరమే, అస్సాం వైపు. చేపల పెంపకం మీద చదువు. ఆ పిల్ల రెండేళ్ళు రాత్రనక పగలనక చదివి తెచ్చుకున్న సీటు. శనివారం రైలు. సోమవారం సాయంత్రంలోగా వెళ్ళి చేరకపోతే సీటు పోతుంది. అందాకా తల్లి కనకరత్నం కూడా హుషారుగానే ఉంది. భ్రమరాంబ వదిన నెలుంటే నాను నెలన్నరుంటానని కుళాయి దగ్గర అందరితోనూ అనేసింది. తిరుగు టిక్కెట్టు కూడా తీయించలేదు.

ఈ గొంతు విన్నాక ఆవిడ మంచం పట్టింది.

"అది వదిన గొంతే," అంది మొగుడితో. "మనిషేమో అక్కడ. ఏడుపేమో ఇక్కడ. పిల్లోడు గడప దాటెల్లిపోతే ఇల్లు ఇలాగే ఏడుస్తాదన్నమాట. నా ఇల్లు అలాగేడవక్కర్లేదు. నాను పంపను."

"ఏటే నీ గోల? సోమారం దాటితే సీటుండదు."

"పోతే పోనీ. ఇక్కడే ఏదో కాలేజీలో ఏసెయ్యండి."

మధులత అప్పటికి రెండు పూటలై అన్నం ముట్టలేదు. కట్టిన పెట్టె మీద కూర్చుని గోడకేసి చూస్తోంది.

గురువారం చీకటి పడుతుండగా, పెళ్ళానికి ధైర్యం చెబుదామని భ్రమరాంబ గారికి ఫోను కలిపి చేతికిచ్చాడు. ఆవిడ ఎత్తింది.

"ఆఁ... వదినా... బాగున్నాం. ఇక్కడ చలి. బాగా చలి..."

గొంతు చాలా సన్నగా ఉంది. కనకరత్నం ఇంకేదో అడగబోయింది. సరిగ్గా అప్పుడే తన వంటింట్లో కుక్కరు కూసింది.

ఫోన్లోనూ కూసింది.

కుక్కరు మళ్ళీ కూసింది. రెండు రైళ్ళ అవతల ఉన్న ఫోన్లోంచి అదే కూత, ఒక్క క్షణం ఆలస్యంగా...

"ఓలమ్మో! ఫోన్లోకొచ్చేసిందిరా దేవుడో!" అని ఫోను విసిరికొట్టింది.

గవర్రాజు ఇంక ఆగలేదు. లేదంటే ఆ పిల్ల సీటు ఆ రాత్రికే గంగలో కలిసేలా ఉంది. టార్చిలైటు తీసుకున్నాడు. కనకరత్నం ఏడుస్తూనే ఒక చేతికి చీపురు, ఇంకో చేతికి పాత చెప్పు ఇచ్చింది. దెయ్యానికి రెండూ గిట్టవట. టార్చి ఎలా పట్టుకోవాలో మాత్రం చెప్పలేదు. దాన్ని నోట్లో పెట్టుకుని బయల్దేరాడు.

బయట కుండపోత వాన. వీధి లైట్లు ఆరిపోయాయి. ఆ వాన చప్పుడులో తాళం తీసిన శబ్దం అతనికే వినపడలేదు.

హాలు చీకటి. వానకి తడిసిన టార్చి వెలగలేదు. కాలు పెట్టగానే... పోపు వాసన. ఇంగువ, ఎండుమిర్చి. నెలరోజులకని తాళం వేసిన ఇంట్లో పోపు ఎవరు పెట్టారు?

అప్పుడే ప్లాంటు వైపు నిప్పులాంటి స్లాగు, అదే ఇనుప చిట్టెం, పారబోసినట్టున్నారు, ఆకాశం ఎర్రబడింది. కిటికీ సందుల్లోంచి ఆ ఎరుపు హాల్లోకి జారింది. కింద రెండు కంచాలు. రెండిట్లోనూ కలిపిన అన్నం. ఒక దాన్లోంచి ఇంకా పొగ వస్తోంది.

గవర్రాజు నోట్లో టార్చి టకటకలాడింది.

ఎర్ర వెలుగు ఆరిపోయింది. మళ్ళీ చీకటి. పడకగది వైపు నుంచి...

"నాన్నా... తిన్నావా?"

వెనక్కి పరుగెత్తుదామనుకున్నాడు. కానీ ఇంట్లో పెట్టె మీద కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. ఒక్కో అడుగూ వేసుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. తొంగి చూశాడు.

మంచం మీద తెల్లటి ఆకారం. తలా లేదు, కాళ్ళూ లేవు. పైనుంచి కింద దాకా తెలుపే. ఆ తెలుపు లోపల్నుంచి నీలంగా వెలుగుతోంది. వెలుగుతూ... ఊగుతూ... ఏడుస్తోంది.

టార్చి జారి కింద పడింది. అరుద్దామని నోరు తెరిచాడో లేదో, వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆ నోరు మూసేసింది. చల్లటి చెయ్యి. తడి చెయ్యి.

గవర్రాజుకి అంతా అయిపోయిందనిపించింది. మంచం మీద ఆకారం ఇటు తిరిగింది. తిరిగి, ఇలా అంది—

"ఒరేయ్ వంశీ, ఎవరో వచ్చినట్టున్నార్రా. మళ్ళీ చేస్తా."

దుప్పటి తొలగింది. చేతిలో ఫోనుతో భ్రమరాంబ గారు.

"అరవమాక తమ్ముడూ, నీకు పుణ్యముంటుంది," అంది.

నోరు మూసిన చెయ్యి దేవీప్రసాద్ గారిది. వంటింట్లో గిన్నె కడుగుతూ వచ్చాడు. ఫోను వెలుగు బయటికి కనపడకుండా ఆవిడ రోజూ దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతుందట. ఇందాక ఫోన్లో కూసింది కూడా మధ్య గోడలోంచి వినపడ్డ కనకరత్నం కుక్కరేనన్నమాట. గవర్రాజు ఉన్నచోటే చతికిలబడ్డాడు.

"ఏటిది బావా? మీరక్కడ కదా ఉండాలి?"

దేవీప్రసాద్ గారు తల వంచుకున్నాడు. తర్వాత గుసగుసగా చెప్పాడు.

హాస్టలుకి వెళ్ళిన మొదటి రోజు అంతా బాగానే ఉందట. పరుపు పరిచారు, అలమారలో పేపర్లు వేశారు. రెండో రోజు పొద్దున భ్రమరాంబ గారికి దిష్టి గుర్తొచ్చింది. అంతమంది పిల్లల మధ్య వీడొక్కడే తెల్లగా, బొద్దుగా ఉన్నాడని ఆవిడ బాధ. ఇక్కణ్ణుంచి రెండు రైళ్ళలోనూ ఒళ్ళో పెట్టుకుని మోసుకెళ్ళిన బూడిద గుమ్మడికాయ తీసింది. దానికి గంటు పెట్టి లోపల బోలెడు కుంకుమ కూరింది. పైన కర్పూరం వెలిగించి, కొడుక్కి ముమ్మారు తిప్పి, గది గుమ్మం ముందు ఠప్పున పగలగొట్టింది.

వసారా అంతా ఎర్రటి నీళ్ళు. పక్కగదిలోంచి పళ్ళు తోముకుంటూ వచ్చిన పిల్లాడు అది చూసి బ్రష్షుతో సహా పడిపోయాడు. మిగతావాళ్ళు చేతబడి అని కేకలు పెడుతూ మెట్లు దిగి పారిపోయారు. వార్డెను వచ్చాడు, సెక్యూరిటీ వచ్చింది. సాయంత్రానికి ఆ గది వైపు పిల్లలెవరూ రావడం లేదట.

"వంశీ నా చేతులు పట్టుకున్నాడు బావా," అన్నాడు దేవీప్రసాద్ గారు. "'నాన్నా, అమ్మ ఇంకొక్క రోజుంటే నాకిక్కడ ఒక్క ఫ్రెండూ మిగలడు. దయచేసి వెళ్ళిపోండి' అన్నాడు. వచ్చేశాం. నెలుంటామని ఊరంతా చెప్పాం కదా. ముందు గుమ్మంలోంచి ఏ మొహం పెట్టుకుని వస్తాం? వెనక తలుపు తాళంచెవి నా దగ్గరే ఉంది. పాలు, కూరలు గాజువాకలో తెచ్చుకుంటున్నా, మొహానికి మఫ్లరు చుట్టుకుని."

గవర్రాజుకి నవ్వు తన్నుకొచ్చింది. భ్రమరాంబ గారి మొహం చూసి ఆపుకున్నాడు.

"గేటు దాకా కూడా రాలేదు తమ్ముడూ," అంది ఆవిడ. "ఆటో మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నా. వస్తాడేమోనని. రోజూ తిన్నావా అని అడుగుతా. తిన్నానమ్మా, పనుందమ్మా అంటాడు. వాడికి నా అవసరం లేకపోవడం మంచిదేగా? మంచిదేనని నాకూ తెలుసు. అయినా ఏడుపొస్తోంది." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుని, అతని చెయ్యి పట్టుకుంది. "ఎవరికీ చెప్పమాక. కనకానికి అసలే చెప్పమాక. రేపటికి సెక్టారంతా చెప్పుకుంటుంది."

గవర్రాజు ఒట్టేశాడు. వేశాక, గుమ్మం దాటాక, అప్పుడు తట్టింది. కనకరత్నానికి ఏం చెప్పాలి? ఏమీ లేదంటే నమ్మదు, తనే వెళ్ళి చూస్తానంటుంది. దెయ్యముందంటే పిల్ల సీటు పోతుంది. నిజం చెబితే ఒట్టు పోతుంది. ఆ వానలో తులసి కుండీ పక్కన చాలాసేపు నిలబడ్డాడు.

తనింటి గుమ్మంలో కనకరత్నం, వెనక మధులత ఎదురు చూస్తున్నారు.

"సూసారా?"

"సూసాను."

"ఉందా?"

"ఉంది," అన్నాడు గవర్రాజు, గొంతు బాగా తగ్గించి. "మాటాడింది కూడా."

"ఏటందండీ?"

"పిల్లని సదూకి పంపకుండా ఇంట్లో కట్టేసిన తల్లట అది, బతికున్నప్పుడు. అందుకే సచ్చాక ఇలాగైపోనాదట. పక్కింట్లో పిల్లని పంపుతున్నారా లేదా అనడిగింది. పంపకపోతే... ఈ ఇల్లొదిలేసి మనింటికొచ్చి మంచం మీద కూకుంటానంది."

ఆ రాత్రి కనకరత్నం పడుకోలేదు. తెల్లారేసరికి మధులత పెట్టెల పక్కన తన పెట్టె కూడా సర్దేసింది. పిల్ల కంచం నిండా పెట్టించుకుని తిని, తండ్రి వైపు ఒకసారి అనుమానంగా చూసి నవ్విందట. శనివారం మళ్ళీ పాతికమందిమి స్టేషనుకి వెళ్ళాం. రైలు కదులుతుంటే కనకరత్నం కిటికీలోంచి అరిచింది, "నెలన్నర! నెలన్నర దాకా రాం!" రైల్లో, ఒడిశా దాటాక, గవర్రాజు ఆవిడకి ఒట్టేయించి అసలు సంగతి చెప్పాడు. ఆవిడ అస్సాం దాకా పొట్ట పట్టుకుని నవ్విందట. గుమ్మడికాయలాంటి తెలివితక్కువ పని తను చచ్చినా చెయ్యనంది.

ఇక మిగిలింది దేవీప్రసాద్ గారు చెప్పింది.

పక్కిల్లు ఖాళీ. వీధిలో అటువైపు ఎవరూ రావడం లేదు. మొగుడూ పెళ్ళాం చీకట్లో అన్నం తింటున్నారు. ఇంకా ఐదారు రోజులు గడిస్తే నెలవుతుంది, ఎంచక్కా ఆటో దిగి ముందు గుమ్మంలోంచి రావచ్చు.

అప్పుడు వెనక తలుపు దగ్గర చప్పుడైంది.

టక్... టక్...

భ్రమరాంబ గారు ముద్ద నోట్లోనే పెట్టుకుని బిగుసుకుపోయింది. ఆ తలుపు సంగతి తెలిసినవాడు ఒక్కడే. అతనేమో ఈపాటికి అస్సాంలో ఉండాలి.

టక్... టక్... టక్...

"ఎవరూ?" అన్నాడు దేవీప్రసాద్ గారు.

అటువైపు ఎవరో ముక్కు చీదారు. ఆడమనిషి. తర్వాత తలుపు సందులోంచి ఒక మగగొంతు, బాగా నీరసంగా—

"నానే బావా... బేగి తలుపు తియ్. మమ్మల్నీ పంపేసింది."