వెల్లారోనా, మార్లోనా

తెపాయిరు నీళ్ళలో చేపల్ని కొట్టే స్పియర్‌గన్‌ని కౌంటర్ మీద పెట్టి, "ఇది కూడా బాగాలేదు," అంది.

మెతువా బరువుగా తల ఎత్తాడు. పొద్దున్నంతా రేవులో ఓడ సరుకు దించి, మధ్యాహ్నం నుంచి బాబాయి కొట్లో కూర్చునే మనిషి. కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎదురుగా ఉన్న అమ్మాయి అతనికంటే అలిసిపోయి ఉంది. ఆసుపత్రి యూనిఫాం కూడా మార్చుకోలేదు.

"దీనికేమొచ్చింది?"

"గురి పక్కకి పోతోంది."

"మొన్న మార్లో గురి పక్కకి పోయిందన్నావు. ఇప్పుడు వెల్లారో కూడానా?"

"కొట్టు మీది. నువ్వే చెప్పాలి," అని ఆమె గోడకున్న గన్ల వైపు చూసింది. ఆ చూపులో ఆశ లేదు.

రారోటోంగా దీవిలో నీళ్ళలో మునిగి చేప కొట్టేవాళ్ళు రెండు జట్లు. ఒక జట్టు మార్లో కంపెనీ గన్ తప్ప ముట్టుకోదు. రెండో జట్టుకి వెల్లారో కానిది అసలు గన్నే కాదు. తెపాయిరు మొదటినుంచీ మార్లో మనిషి, మెతువా వెల్లారో. పడవల దగ్గరా చర్చి మెట్ల మీదా ఏళ్ళ తరబడి ఈ విషయం మీదే దెప్పుకుంటున్నారు. నిజం చెప్పాలంటే ఆమెతో మాట్లాడడానికి మెతువాకి దొరికిన సాకు అదొక్కటే. అందుకే, మార్లో ఇక వద్దు, వెల్లారో చూపించమని ఆమె అడిగినప్పుడు గెలిచానని సంబరపడాల్సింది పోయి అతని మనసు చివుక్కుమంది.

వెల్లారో వెనక్కిచ్చిన ఆ రోజు ఆమె వాడి చూస్తానని ఇంకో మార్లో పట్టుకెళ్ళింది. నాలుగు రోజుల్లో అదీ వెనక్కి వచ్చింది. ఆ పిల్ల కొనేది లేదు, ఊరికే తిప్పుతోందని బాబాయి సణిగాడు. మెతువా దాన్ని తుడవడానికి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఏ గన్‌కైనా ముందు దళసరి రబ్బరు పట్టీలుంటాయి. గన్ వెనక కొసని రొమ్ముకి ఆనించుకుని, రెండు చేతులతో పట్టీని లాగి ఈటె మీది గాడిలో తగిలించి ఎక్కించాలి. మొదటి గాడికి సగం బలం, రెండో గాడికి పూర్తి బలం. ఆ రెండో గాడిలో కొత్త గన్‌కి పూసే నూనె చెక్కు చెదరలేదు. మెతువా వెనక్కి వచ్చిన వెల్లారోని తీసి చూశాడు. అందులోనూ అంతే.

గురి పక్కకి పోవడం కాదు. ఆమె గన్‌ని పూర్తిగా ఎక్కించనేలేదు.

శనివారం పొద్దున అతను ఆమె ఇంటికి వెళ్ళాడు. తెపాయిరు వసారాలో కూర్చుని ఎడమ చేత్తో టారో దుంపల తొక్కు తీస్తోంది. వాళ్ళ మామ్మ లోపల పొయ్యి దగ్గర ఉంది.

"ఏ గన్ తీసుకోమంటావో చెప్పడానికి వచ్చావా?" అంది తెపాయిరు.

"ఏదైనా ఒకటే. రెండో గాడిలో నూనె అలాగే ఉంది."

కత్తి ఆగిపోయింది. ఆమె, "ఎవరికైనా చెప్పావా?" అని మాత్రం అడిగింది. లేదన్నాడు.

అప్పుడు చెప్పింది. ఆసుపత్రి స్నానాల గదిలో పడిపోయిన ఒక పెద్దాయన్ని లేపుతుంటే కుడి భుజం కలుక్కుమందట. డ్యూటీ మానుకునే వీల్లేక అలాగే నెట్టుకొస్తోంది. ఏదో ఒక కంపెనీ గన్‌ అయినా తన చేతికి లొంగకపోతుందా అనుకుంది.

"పడవలో ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఇది తెలిస్తే చేపలు కడగడానికి ఒడ్డునే కూర్చోబెడతారు," అంది. తర్వాత ఇంకా మెల్లగా, "అలిసిపోయాను మెతువా. నీళ్ళలో ఉన్నప్పుడే కాస్త హాయి. అదీ పోయేలా ఉంది," అంది.

మెతువాకి ఓదార్చడం చేతకాదు. మెట్టు మీద కూర్చుని తనూ ఒక దుంప తీసుకున్నాడు.

"నేను ఎక్కిస్తాను. నువ్వు కొట్టు."

"చూసినవాళ్ళు ఏమంటారు?"

"నాకు గురి కుదరదంటారు. అది అందరికీ తెలిసిందేగా."

తెపాయిరు నవ్వాపుకోలేకపోయింది. భుజం నొప్పెట్టి మళ్ళీ ముఖం ముడుచుకుంది. భుజం డాక్టరుకి చూపించుకోవాలని అతను షరతు పెట్టాడు. ఆమె సరేనంది.

"అయితే మధ్యాహ్నం వెళ్దాం. మార్లో తేనా?" అన్నాడు లేస్తూ.

ఆమె కత్తి పక్కన పెట్టింది. "లాగేది నువ్వు కదా. నీ చేతికి అలవాటైందే తీసుకురా."

అంటే వెల్లారో. మెతువా కంగారులో తొక్కు తీసిన దుంపని తొక్కుల్లో పడేశాడు.

ఆ మధ్యాహ్నం పగడాల రీఫ్ అంచున సన్నగా వాన పడుతుంటే ఇద్దరూ నీళ్ళలో తేలారు. అతను గన్‌ని దూరంగా తిప్పి ఎక్కించి ఇచ్చేవాడు, ఆమె ఊపిరి బిగబట్టి కిందికి పోయేది. రెండుసార్లు వట్టి చేతులతో వచ్చింది. ఆ తర్వాత పెద్ద పార చేపతో పైకి తేలింది.

ఒడ్డుకొచ్చి ఇసుకలో చతికిలబడ్డారు.

"గన్ మంచిదే," అంది తెపాయిరు.

"ఇన్నేళ్ళుగా మొత్తుకుంటున్నది అదేగా."

"గన్ సంగతి ఒక్కటేనా మొత్తుకుంది?"

ఆమెకి చెప్పాలని మెతువా చాలా మాటలు దాచుకున్నాడు. "కాదు," అన్నాడు.

"మరి చెప్పవేం?"

"చెబుతాను. ఇప్పుడు చాలా అలిసిపోయాను."

"సరే, నేనెక్కడికీ పోను," అని ఆమె నొప్పిలేని వైపు నుంచి జరిగి, అతని భుజం మీద తల వాల్చి కళ్ళు మూసుకుంది.