మెట్ల మలుపులో కుండ

"అరే భయ్యా! హాథ్ మత్ లగానా!"

అంద్రెయ చెయ్యి కుండ మూత మీదే ఆగిపోయింది. ఎనభయ్యారో సంవత్సరం, జూన్ నెల, దేశ రాజధానిలోని ముఖర్జీ నగర్‌లో మిట్టమధ్యాహ్నం. ట్రంకుపెట్టె మోసుకుంటూ మెట్లెక్కేసరికి అతని నాలుక పిడచకట్టుకుపోయింది. మెట్ల మలుపులో కిటికీ పక్కన తడిగుడ్డ చుట్టిన కుండ కనిపిస్తే ఏ మనిషి ఆగుతాడు?

"ఒక్క గ్లాసు నీళ్లండీ," అన్నాడు, కంగారులో హిందీ గుర్తురాక.

"తెలుగువాళ్లా? అయితే తెలుగులోనే చెప్తా. ఆ కుండ ముట్టుకోవద్దు." అంటూనే, గుమ్మంలోంచి కేకేసిన ఆ అమ్మాయి లోపలికెళ్లి చెంబుడు నీళ్లు తెచ్చిచ్చింది.

ఆమె పేరు వసంతకుమారి. ప్రభుత్వ ఆఫీసులో టైపిస్టు. నర్సుగా పనిచేసే పిన్ని అన్నమ్మతో మొదటి అంతస్తులో ఉంటోంది. అంద్రెయ బాపట్ల నుంచి సివిల్స్‌కు చదవడానికొచ్చి మేడమీది గదిలో దిగాడు. ఆదివారం చర్చి గుమ్మంలో ఆమె కనిపించగానే అతని ఉక్రోషం ఆగలేదు.

"మన చర్చివాళ్లకి కూడా మడి ఉంటుందని నాకు తెలీదు సుమండీ!"

"మడేంటండీ?"

"కుండ ముట్టుకుంటే మైలపడిపోతుందిగా."

ఆమె పకపకా నవ్వింది. ఇంటికొచ్చాక మూత తీసి చూపించింది. నీళ్ల మీద ఒక గిన్నె తేలుతోంది, గిన్నెలో చిన్న మందు సీసా ఉంది.

"ఇన్సులిన్. పద్నాలుగో ఏట నుంచి నాకు షుగర్. రోజూ సూది పొడుచుకోవాలి. ఈ మందుకి చల్లదనం కావాలి. ఫ్రిజ్ లేదు కాబట్టి ఈ కుండే మా ఫ్రిజ్. ఇక మడి అంటారో ఏమంటారో మీ ఇష్టం."

అంద్రెయకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆ రోజు నుంచి అతనికి పాఠాలకన్నా ఆమె దినచర్యే బాగా వంటబట్టింది. పొద్దున్నే గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు వేసి కాచాలి. నీలంగానే ఉంటే మంచిది. ఇటుక రంగుకు తిరిగితే చక్కెర ఎక్కువున్నట్టు. సిరంజి నీళ్లలో మరిగించాలి. సూది వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు. అయితే ఒంట్లో చక్కెర పడిపోతుంది, వెంటనే ఇంత పంచదార నోట్లో వేసుకోవాలి.

"ఇవాళ ఏ రంగు?" అని రోజూ మేడమీది నుంచి కేకేసేవాడు.

"నీలం! మీరు చదువుకోండి ముందు!"

ఆగస్టులో ఒక సాయంత్రం బస్టాపులో ఇద్దరూ వానలో చిక్కుకుపోయారు. భోజనం వేళ దాటి ఆమెకు చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఆమె సంచిలోని పంచదార వానకు కరిగిపోయింది. అంద్రెయ చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన పంచదార పొట్లం తీసి ఆమెకిచ్చాడు.

కాసేపటికి తేరుకుని ఆమె అడిగింది. "మీ జేబులో పంచదారెందుకుంది?"

"నెల్రోజుల్నుంచీ ఉంది. చీమలు కూడా పడుతున్నాయి. ఇంకా అర్థం కాలేదా నీకు?"

అర్థమైంది. ఆ వాన ఇంకాసేపు కురిస్తే బాగుండునని ఇద్దరికీ అనిపించింది.

మరుసటి వేసవిలో పిల్లను చూడటానికి అతని తల్లి మాణిక్యమ్మ రైలెక్కింది. "నా జబ్బు సంగతి ముందే చెప్పు," అంది వసంత. సరేనన్నాడు. ఉత్తరంలో రాద్దామంటే కలం కదల్లేదు, స్టేషన్‌లో చెబుదామంటే నోరు రాలేదు. తీరా తల్లి ఆ కుండ గురించి అడుగుతుందేమోనని, వసంత ఆఫీసుకెళ్లగానే దాన్ని తీసుకెళ్లి మేడమీద ట్యాంకు వెనక పెట్టాడు. నీడ చూసే పెట్టాడు పాపం. మధ్యాహ్నానికి ఆ నీడ పక్కింటికి వెళ్లిపోయింది.

సాయంత్రం వసంత కుండ వెతుక్కుంటూ పైకొచ్చింది. నీళ్లు కాగి ఉన్నాయి. సీసాలో మందు తరకలు కట్టింది.

"ఇది ఇంక పనికిరాదు. పిన్ని కొత్తది తెస్తుంది, దానికేం. కానీ నా జబ్బు దాచుకోవాల్సిందైతే, నేనూ దాచుకోవాల్సినదాన్నే కదా నీకు?" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంద్రెయకు తనమీద తనకే అసహ్యం వేసింది. గదిలోంచి తల్లిని పిలిచి, వసంత ముందే అంతా చెప్పాడు. ఏదీ మిగల్చలేదు.

మాణిక్యమ్మ వసంతను ఎగాదిగా చూసింది. సూటిగానే అడిగింది. "ఎన్నాళ్లు బతుకుతావమ్మాయ్?"

"టైముకి సూది, టైముకి తిండి ఉంటే అందరిలాగే బతకొచ్చని డాక్టరుగారు చెప్పారండీ. మీ అబ్బాయి నా మందు ఎండలో పెట్టకపోతే."

"ఆ సూది నీకు నువ్వే పొడుచుకుంటావా?"

"తొమ్మిదేళ్లుగా."

మాణిక్యమ్మ కొడుకువైపు తిరిగింది. "చిన్నప్పుడు టీకాలవాళ్లొస్తే గడ్డివాము వెనక దాక్కునేవాడివి. ఇరవయ్యారేళ్లొచ్చినా దాక్కోవడం మానలేదట్రా? ఈ పిల్ల ధైర్యంలో సగం నీకుంటే ఎప్పుడో కలెక్టరువయ్యేవాడివి."

పెట్టె తెరిచి తన పాత నేత చీర బర్రుమని చించింది. కుండ కడిగి, చల్లటి నీళ్లు పోసి, తడిపిన చీరముక్క చుట్టి, తన చేత్తోనే మెట్ల మలుపులో పెట్టింది.

మర్నాడు పొద్దున వసంతను రంగు అడిగే ధైర్యం అంద్రెయకు లేకపోయింది. మేడమీద పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు. పక్కనుంచి మాణిక్యమ్మే కిందికి వంగి కేకేసింది.

"ఏ రంగే అమ్మాయ్?"

కింద వసంత గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి చూసింది.

"నీలం, అత్తయ్యా!"